కండరంలోని చెరువు



పశువైద్య విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా జీవరసాయన శాస్త్రం చెప్పి, ఉద్యోగ విరమణ తర్వాత సొంత ఊరికి చేరుకున్నవాణ్ణి నేను. పొద్దున్నే చెరువు కట్ట మీద నడవడం అలవాటు. నేను వెళ్లేసరికే మా వీధి అమ్మాయి ఒకతి అక్కడ పరుగు సాధన చేస్తూ ఉంటుంది. తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు ఆడపిల్లలు 800 మీటర్లు పరుగెత్తాలి. కట్ట ఈ కొస నుంచి మత్తడి దాకా ఉరుకుతుంది. అక్కడ మోకాళ్ల మీద చేతులు ఆనించి, వంగి నిలబడి రొప్పుతుంది.

ఒకనాడు నన్ను ఆపింది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది.

"తాతా, సగం దూరం ఉరికేసరికి తొడలు మండుతున్నయి. గ్రౌండ్ల ఒకాయన చెప్పిండు, మాంసం తిననోళ్ల కండలల్ల కార్నోసిన్ అనేది ఉండదంట. ఈ పొడి తాగితేనే ఉరకగలుగుతమంట. నిజమేనా?"

వాళ్లింట్లో ఎవరూ మాంసం ముట్టరు. ఆ డబ్బా కోసం వాళ్ల నాన్న వారం రోజుల ఆటో సంపాదన పోసి ఉంటాడు. ఇంకా సీలు విప్పలేదు. ఆ పూట కట్ట మీద కూర్చుని ఆమెకు చెప్పిన సంగతులనే, మరికాస్త వివరంగా ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ మంట సంగతి చూద్దాం.

పరుగు మొదలైన తొలి కొద్ది సెకన్లలో కండరం తన దగ్గర సిద్ధంగా ఉన్న నిల్వను ఖర్చు చేస్తుంది. ఆ నిల్వ పేరు ఫాస్ఫోక్రియేటిన్. అలాంటి పదార్థం కండరంలో ఉందని 1927లో లోకానికి చెప్పినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. ఆ నిల్వ చాలా చిన్నది, గబగబా తరిగిపోతుంది. పరుగు ఆగకూడదు కాబట్టి కండరం గ్లూకోజును వేగంగా విరగ్గొట్టి శక్తి తీస్తుంది. ఊపిరి అందించే ప్రాణవాయువు ఆ వేగానికి చాలనప్పుడు లాక్టేట్ తయారవుతుంది. దాంతోపాటు హైడ్రోజన్ అయాన్లు పోగవుతాయి. పులుపు అంటే రసాయన శాస్త్రంలో ఇవే. చింతపండులో ఉన్నా, నిమ్మకాయలో ఉన్నా, అలసిన కండరంలో ఉన్నా ఆమ్లగుణం వీటిదే.

విశ్రాంతిగా ఉన్న కండరంలో పీహెచ్ విలువ 7కు దగ్గరగా ఉంటుంది. ఒళ్లు తెలియకుండా పరుగెత్తినప్పుడు అది 6.5 దాకా పడిపోతుంది. వినడానికి అర పాయింటే, కానీ పీహెచ్ కొలత తీరు వేరు. అందులో అర పాయింటు తగ్గిందంటే ఆమ్లం మూడింతలు పెరిగినట్టు. అంత పులుపులో కండరంలోని ఎంజైములు మందగిస్తాయి, కండర తంతువుల పట్టు సడలుతుంది. ఆ అమ్మాయి మత్తడి దగ్గర వంగి నిలబడడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మరి ఇంత పులుపును కండరం ఎలా తట్టుకుంటుంది? దీనికి జవాబు మేం కూర్చున్న చోటే ఉంది. వాన దంచికొట్టినప్పుడు వరదంతా ఒక్కసారిగా పొలాల మీద పడితే పైరు మిగలదు. చెరువు ఆ వరదను కడుపులో దాచుకుని, తర్వాత తూము గుండా మెల్లగా వదులుతుంది. కండరంలోనూ అలాంటి చెరువులున్నాయి. హైడ్రోజన్ అయాన్లు ముంచుకొచ్చినప్పుడు పట్టి ఉంచి, రక్తం వాటిని మోసుకుపోయే వీలు చిక్కాక వదిలేస్తాయి. ఫాస్ఫేట్లు, బైకార్బొనేట్, ప్రోటీన్లు ఈ పని చేస్తాయి. వాటితోపాటు చేసే ఒక చిన్న అణువు పేరే కార్నోసిన్.

ఈ పేరు వెనుక కథ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ మాంసాన్ని ఉడికించి, ఆ రసాన్ని చిక్కగా కాచి, సారం తీసే పద్ధతి చెప్పారు. 1860లలో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో, ఫ్రాయ్ బెంటోస్ అనే ఊళ్లో ఆ సారం తయారుచేసే పెద్ద కర్మాగారం వెలసింది. కిలో సారానికి దాదాపు 30 కిలోల మాంసం పట్టేది. యూరప్ ఇళ్లలో దాన్ని బలానికి తాగేవారు. ఇంతకీ అందులో ఏమున్నదని వెతికినవారిలో రష్యా శాస్త్రవేత్త వ్లదీమిర్ గులేవిచ్ ఒకరు. 1900లో ఆయన, ఆయన సహచరుడు అమీరాజీబీ ఆ సారం నుంచి అంతవరకు ఎవరికీ తెలియని ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్ భాషలో మాంసానికున్న మాటను బట్టి కార్నోసిన్ అని పేరు పెట్టారు.

మాంసంలో దొరికింది కాబట్టి మాంసం పేరు పెట్టడం సహజమే. అయితే ఆ పేరు తర్వాతి తరాలను కాస్త దారి తప్పించింది. తిండితో వచ్చేదేమోనన్న భావన దానివల్ల కలుగుతుంది. నిజానికి కార్నోసిన్ మన కండరం తనకు తానే అల్లుకునే పదార్థం. గడ్డి తప్ప మరేమీ ఎరగని ఆవు కండరంలో అది పుష్కలంగా ఉంది. మొక్కల్లో కార్నోసిన్ లేదు. అలాంటప్పుడు ఆవుకు అది ఎక్కణ్ణించి వచ్చింది? ఆవే తయారుచేసుకుంది.

దాని నిర్మాణం 1918 నాటికి తేలింది. రెండే ముక్కల అణువు అది. ఒకటి బీటా అలనిన్, రెండోది హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. హైడ్రోజన్ అయాన్లను పట్టే గుణం హిస్టిడిన్‌లోని ఒక వలయానిది. హిస్టిడిన్ ఒంటరిగా ఉన్నప్పుడు పీహెచ్ 6 దగ్గర ఈ పని బాగా చేస్తుంది. కండరం పులుపు అంతదాకా దిగదు కాబట్టి అక్కడ పెద్దగా అక్కరకు రాదు. అదే హిస్టిడిన్‌కు బీటా అలనిన్ జతపడగానే పట్టు స్థానం 6.83కు మారుతుంది. అంటే 7 నుంచి 6.5 దాకా పడే కండరానికి దాదాపు నడిమధ్య. వరద ఎక్కడ వస్తుందో అక్కడే చెరువు తవ్వినట్టు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఈ ఒక్క అంకె దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ పులుపు పట్టే గుణాన్ని 1938లో ఇంగ్లండులో బేట్ స్మిత్ అనే శాస్త్రవేత్త గుర్తించారు. 1953లో మాస్కోలో సెర్గీ సెవెరిన్ బృందం కప్ప కండరాన్ని వేరుచేసి, విద్యుత్తుతో పదేపదే కదిలించి అలసిపోయేలా చేసింది. చుట్టూ ఉన్న ద్రవంలో కార్నోసిన్ కలపగానే, ఆగిపోబోతున్న ఆ కండరం మళ్లీ సత్తువగా ముడుచుకోసాగింది.

ఇక ఏ జంతువులో ఎంత ఉందో చూస్తే దాని బతుకు తీరే కనిపిస్తుంది. నా వృత్తి జీవితంలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసిన భాగం ఇది.

పందెపు గుర్రాన్ని తీసుకోండి. థరోబ్రెడ్ జాతి గుర్రం కండరంలో, తడి ఆరబెట్టి తూచితే, మనిషి తొడ కండరంలో కంటే దాదాపు ఐదింతల కార్నోసిన్ ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు శక్తినంతా ఊడ్చిపెట్టి ఉరికే జంతువు అది. గ్రేహౌండ్ వేటకుక్క సంగతీ అంతే.

తిమింగలం ఉరకదు, మునుగుతుంది. నీటి అడుగున ఊపిరి బిగపట్టినంతసేపూ కండరానికి కొత్త ప్రాణవాయువు అందదు. పుట్టిన పులుపు బయటికి పోయే వీలూ తక్కువే. అందుకు తగ్గట్టు దాని కండరంలో కార్నోసిన్‌కు చెల్లెలి వంటి అణువు దండిగా ఉంటుంది. కార్నోసిన్‌కు ఒక చిన్న మిథైల్ గుంపు అంటుకుంటే అదవుతుంది. తిమింగలం పేరు మీదే దాన్ని బాలెనిన్ అన్నారు. అదే మిథైల్ గుంపు మరోచోట అంటుకుంటే అన్సెరిన్. లాటిన్‌లో అన్సెర్ అంటే బాతుజాతి పక్షి, గూస్. 1920ల చివర దాని కండరంలోనే అన్సెరిన్ మొదట దొరికింది.

అంత దూరం పోనక్కర్లేదు, మన పెరటి కోడిని చూడండి. రొమ్ము మాంసం తెల్లగా, కాలి మాంసం కాస్త ఎర్రగా ఉంటుంది. కోడి రోజంతా కాళ్లతో నడుస్తుంది, గీకుతుంది. అది నిదానంగా, ఎడతెగక సాగే పని. రెక్కలు వాడేది కుక్క తరిమినప్పుడు గోడెక్కడానికి, లేదా చీకటి పడ్డాక చెట్టు కొమ్మ మీదికి ఎగరడానికి. ఒక్క ఊపు, అంతే. ఆ ఒక్క ఊపు కోసం పనిచేసే రొమ్ము కండరంలోనే అన్సెరిన్, కార్నోసిన్ ఎక్కువ. కాలిలో తక్కువ. మనుషుల్లోనూ వేగంగా ముడుచుకునే తంతువుల్లో ఎక్కువ, నిదానంగా పనిచేసే తంతువుల్లో తక్కువ. ఎవరి పనికి తగ్గట్టు వారి చెరువు.

వంటింటి మాట కూడా ఒకటి చెప్పాలి. ఈ అణువులు నీళ్లలో ఇట్టే కరుగుతాయి. మాంసం ఉడికించినప్పుడు చాలా భాగం రసంలోకి దిగిపోతాయి. మాంసం తినే ఇళ్లలో ఉడికిన నీళ్లు పారబోయకుండా పులుసులోనో చారులోనో కలుపుకోవడం మంచి అలవాటే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. మాంసం తిననివారి కండరంలో కార్నోసిన్ ఉండదా?

ఉంటుంది. బీటా అలనిన్‌ను మన కాలేయమే తయారుచేస్తుంది. యురాసిల్ అనే పదార్థం విచ్ఛిన్నమైనప్పుడు అది పుడుతుంది. హిస్టిడిన్ పప్పుల్లో, పాలలో, పెరుగులో, వేరుశనగల్లో ఉంది. ఈ రెంటినీ అతికే ఎంజైము కండరంలోనే ఉంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు శాకాహారుల పిక్క కండరాన్ని పరీక్షించినప్పుడు, మాంసాహారుల కంటే కార్నోసిన్ సుమారు నాలుగో వంతు తక్కువగా కనబడింది. అంటే నాలుగింట మూడు వంతులు ఉందన్నమాట. అదే విశ్వవిద్యాలయం వారు తర్వాత మాంసం తినే స్త్రీలను ఆరు నెలల పాటు శాకాహారం మీద ఉంచి చూశారు. కండరంలోని కార్నోసిన్ తగ్గలేదు. శరీరం తన మట్టాన్ని తాను కాపాడుకుంది. కాబట్టి "ఉండదు" అన్న మాట తప్పు. ఒక ఆడపిల్ల ధైర్యాన్ని దెబ్బతీసే తప్పు.

మరి ఆ డబ్బాలోని పొడి మోసమా? దీనికీ నిజాయితీగానే జవాబు చెప్పాలి. డబ్బాలో ఉన్నది బీటా అలనిన్. కార్నోసిన్ తయారీలో కండరానికి కొరత పడే ముక్క అదే. 2006లో రోజర్ హారిస్ బృందం, కొన్ని వారాల పాటు బీటా అలనిన్ తీసుకుంటే మనిషి కండరంలో కార్నోసిన్ పెరుగుతుందని చూపింది. నాలుగు వారాలకు దాదాపు 60 శాతం, పది వారాలకు 80 శాతం దాకా పెరుగుదల ఆ తరహా ప్రయోగాల్లో కనబడింది. చెరువు లోతు పెరిగిన మాట వాస్తవమే.

అయితే పంట ఎంత పెరిగింది? మనిషి కండరంలో పులుపును పట్టే మొత్తం పనిలో కార్నోసిన్ వాటా పదో వంతుకు అటూఇటూ. గుర్రంలో మూడో వంతుకు దగ్గర. అందుకే మనిషికి కలిగే లాభం చిన్నది. ఒకటి నుంచి నాలుగు నిమిషాల పాటు శక్తినంతా పెట్టి చేసే పనిలో కొద్దిపాటి మెరుగు కనబడుతుంది. ఏళ్ల తరబడి సాధన చేసి, సెకనులో పదో వంతు కోసం పోరాడే క్రీడాకారులకు అది లెక్కలోకి వస్తుంది. పరుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి, క్రమం తప్పని సాధన ఇచ్చే లాభం ముందు అది ఆనదు. సాధనతో గుండె బలపడుతుంది, కండరంలోకి కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి, పులుపును కడిగేసే దారులు వెడల్పవుతాయి. పైగా ఆ పొడి ఒకేసారి ఎక్కువగా తీసుకుంటే ముఖం, చేతులు చిమచిమలాడతాయి. దానితో ప్రమాదం లేదంటారు గానీ, తెలియనివారు హడలిపోతారు.

కార్నోసిన్ పని పులుపు పట్టడంతో అయిపోదు. మధుమేహం ఉన్న శ్రోతలకు హెచ్‌బీఏ1సీ పరీక్ష తెలుసు. రక్తంలో చక్కెర ఎక్కువైన కొద్దీ అది హీమోగ్లోబిన్‌కు ఎక్కువగా అంటుకుంటుంది. ఎంత అంటుకుందో కొలిచేదే ఆ పరీక్ష. హీమోగ్లోబిన్‌కే కాదు, కంటి కటకంలోని ప్రోటీన్లకూ, రక్తనాళాల గోడలకూ చక్కెర, చక్కెర నుంచి పుట్టే చురుకైన ముక్కలూ ఇలాగే అంటుకుని వాటిని పాడుచేస్తాయి. పరీక్షనాళికలో కార్నోసిన్ తానే ఎదురెళ్లి ఆ ముక్కలకు అంటుకుంటుంది, ప్రోటీన్లను కాపాడుతుంది. రాగి, జింకు వంటి లోహాలనూ పట్టుకుంటుంది. వాసన పసిగట్టే నాడుల్లో ఇది దండిగా ఉంది. మెదడులో దీని బంధువు హోమోకార్నోసిన్ ఉంది. వీటన్నిటినీ చూసి, వార్ధక్యానికి మందు దొరికిందన్న ఆశ చాలామందికి కలిగింది.

ఇక్కడ మనిషి ప్రత్యేకతను ఒకదాన్ని గుర్తుపెట్టుకోవాలి. మన రక్తంలో కార్నోసినేజ్ అనే ఎంజైము తిరుగుతూ ఉంటుంది. మింగిన కార్నోసిన్ రక్తంలోకి చేరగానే ఆ ఎంజైము దాన్ని త్వరత్వరగా రెండు ముక్కలు చేసేస్తుంది. ప్రయోగశాలలో వాడే ఎలుకల రక్తంలో ఈ ఎంజైము లేదు. ఎలుకలో అద్భుతం చేసిన మోతాదు మనిషిలో అదే పని చేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఈ ఎంజైము పరిశోధకులకు ఒక ఆధారాన్ని కూడా ఇచ్చింది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక రకం ఉన్నవారి రక్తంలో ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి మధుమేహ రోగుల్లో మూత్రపిండాల జబ్బు తక్కువగా కనిపించిందని 2005లో జర్మనీ కేంద్రంగా జరిగిన పరిశోధన తెలిపింది. కార్నోసిన్ మూత్రపిండాన్ని కాస్తుందేమో అన్న ఆశకు అది ఊతం. కొద్దిమంది మీద జరిగిన చికిత్సా ప్రయోగాల్లో చక్కెర అదుపులో కొంత మేలు కనబడింది. కొద్దిమంది అంటే యాభై అరవై మంది లోపు. ఇది దారి చూపే దీపమే గానీ, మీ డాక్టరు రాసిచ్చిన మాత్రలు మానేయడానికి ఆధారం కాదు.

శుక్లాల విషయం మరీ గట్టిగా చెప్పాలి. ఎసిటైల్ కార్నోసిన్ చుక్కలు వేసుకుంటే ఆపరేషన్ లేకుండానే శుక్లాలు కరిగిపోతాయన్న ప్రకటనలు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. అందుబాటులో ఉన్న పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టిన కోక్రేన్ సమీక్ష 2017లో, ఆ చుక్కలు పనిచేస్తాయనడానికి నమ్మదగ్గ రుజువు లేదని తేల్చింది. చుక్కలు వేసుకుంటూ నెలలు గడిపితే చూపు మందగిస్తూనే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క మాటా దయచేసి వాళ్ల చెవిన వేయండి. శుక్లానికి మందు ఆపరేషనే.

నిలకడగా నిలిచిన వాడుక ఒకటుంది. జింకు, కార్నోసిన్ కలిసిన పోలాప్రెజింక్ అనే మందును కడుపులో పుండ్లకు జపాన్‌లో 1990ల నుంచి డాక్టర్లు రాస్తున్నారు. అదీ డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

ఈ కథంతా విన్నాక ఆ అమ్మాయి డబ్బాను అటూఇటూ తిప్పి చూసింది. తిరిగి ఇచ్చేస్తానంది. నేను ఆమెకు చెప్పింది మూడు మాటలు. పూటపూటా పప్పు, పెరుగు తిను, గుప్పెడు పల్లీలు నమలు. ఒకే ఊపున 800 మీటర్లు ఉరకడం ఒక్కటే కాకుండా, రెండు వందల మీటర్లు గట్టిగా ఉరికి, కాసేపు నడిచి, మళ్లీ ఉరుకు. వారానికి ఒకరోజు విశ్రాంతి తీసుకో.

మరునాడు మత్తడి దగ్గర నన్ను చూసి, "ఇయ్యాల గూడ మండుతున్నయి తాతా" అంది.

"మండనీ బిడ్డా. వరదొచ్చింది, నీ చెరువు పట్టుకుంది. కూలబడకు, మెల్లగా నడువు. నడుస్తుంటే రక్తం పారుతుంది, తూము తెరిచినట్టే. చెరువు ఖాళీ అయినాక మళ్లీ ఉరుకు" అన్నాను.

నడుం మీద చేతులు పెట్టుకుని కట్ట వెంట మెల్లగా నడిచింది. రెండు నిమిషాలయ్యాక మళ్లీ ఉరికింది.